ఫ్రెంచి నవల పట్టుకుని నాక్స్‌విల్ వెళ్ళాను

అమెరికాలో విదేశీ భాషలు, సాహిత్యాల శాఖ ఉన్న యూనివర్సిటీలు చాలావాటిలో ఏడాదికోసారి విద్యార్థుల సదస్సు జరుగుతుంది. పిలుపు పంపేదీ, వచ్చిన వ్యాసాలు వడపోసేదీ, గదులు బుక్ చేసేదీ, పొద్దున్నే కాఫీ ఫ్లాస్కులు మోసుకొచ్చేదీ అంతా ఎం.ఎ., పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళే. ఫ్రెంచికి ఒకటి, జర్మన్‌కి ఒకటి అని విడివిడిగా పెట్టుకునేంత మంది చాలా చోట్ల ఉండరు. అందుకని స్పానిష్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, రష్యన్, జపనీస్ చదివేవాళ్ళందరూ ఒకే చోట చేరతారు. నేను ఒహాయోలో ఫ్రెంచి సాహిత్యం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో జరిగిన అలాంటి సదస్సులో ఒక వ్యాసం చదివి వచ్చాను.

ఈ చిన్న సదస్సుల్ని మా సీనియర్లలో కొందరు పెద్దగా లెక్కచెయ్యరు. కొత్తవాళ్ళకి ప్రాక్టీసు అంటారు, సీవీలో ఒక లైను అంటారు. నాకు ఆ మాట నచ్చదు. నా థీసిస్‌లో ఇవాళ నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం అక్కడ స్పానిష్ చదివే ఒకతను అడిగిన ప్రశ్నలోంచి పుట్టింది. మా ఫ్రెంచి వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి కూర్చున్నా ఆ ప్రశ్న నాకు ఎదురయ్యేది కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు నా టాపిక్ చెప్పాలి.

మాది తాళ్ళరేవు వైపు. పాత ఓడరేవు కోరంగి మాకు దగ్గరే, యానాం ఇంకాస్త ముందుకు వెళితే వస్తుంది. 1954 దాకా యానాం ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉందన్న సంగతి మా వైపు పిల్లలకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. హైదరాబాదులో ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఫ్రెంచి ఎం.ఎ. చేసేటప్పుడు మారిషస్ రచయిత్రి నతాషా అప్పనా పేరు మొదటిసారి విన్నాను. ఇంటిపేరు చూడగానే అనుమానం వచ్చింది. నిజమే, ఆమె పూర్వీకులు మన తెలుగువాళ్ళు. 1872లో ఆంధ్ర ప్రాంతం నుంచి కూలీలుగా ఓడెక్కి మారిషస్ వెళ్ళిన కుటుంబం వాళ్ళది. ఆమె మొదటి నవల ‘లే రోషే ద పూద్ర్ దోర్’ 2003లో వచ్చింది. 1892లో మన దేశం నుంచి మారిషస్ చెరకు తోటలకి ఒప్పందం మీద వెళ్ళిన కూలీల కథ అది. అక్కడ రాళ్ళు ఎత్తి చూస్తే కింద బంగారం దొరుకుతుందని చెప్పి ఎక్కించిన జనం. 1834 నుంచి 1920 దాకా అలా దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. వాళ్ళు దిగిన చోటు, ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. దీనికి ముందే, 1828లో, యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీల్ని ఫ్రెంచి వాళ్ళు రీయూనియన్ దీవికి తీసుకెళ్ళారు. అంటే మా ఊరి పక్క కాలవల్లో మొదలైన కథ ఫ్రెంచి భాషలో నవలగా మారి తిరిగి నా చేతికొచ్చింది. దాన్ని వదలడం నా వల్ల కాలేదు.

సదస్సు పిలుపు శరదృతువులో వచ్చింది. ఆ ఏటి అంశం శ్రమ, వలస. వ్యాస సారాంశం 250 మాటలకి మించకూడదు, ఏ భాషా సాహిత్యం మీదైనా ఫరవాలేదు, చదవడం మాత్రం ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. ఇంతే నియమాలు. సారాంశం మీద పేరు ఉండకూడదు, పేరూ యూనివర్సిటీ విడిగా పంపాలి. ఎవరిదో తెలియకుండా చదివి ఎంచుతారన్నమాట.

250 మాటలంటే తేలికనిపిస్తుంది గానీ ఆ ఒక్క పేరా నా చేత నీళ్ళు తాగించింది. ఎంచేవాళ్ళలో ఒకరు రష్యన్ చదువుతుండొచ్చు, ఇంకొకరు జపనీస్. మారిషస్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించలేనివాళ్ళు కూడా ఉండొచ్చు, వాళ్ళ తప్పేం లేదు. మా గైడ్ ఒక మంచి మాట చెప్పారు: “నువ్వు ఏ పుస్తకం చదువుతున్నావో మొదటి వాక్యంలో చెప్పు. దాన్ని ఏం అడుగుతున్నావో రెండో వాక్యంలో చెప్పు. నీకు దొరికిన జవాబు దాచిపెట్టకు.” మనలో చాలామంది జవాబు దాచిపెడతాం. ‘ఈ వ్యాసం ఫలానా విషయాన్ని పరిశీలిస్తుంది’ అని రాసి ఆపేస్తాం. పరిశీలిస్తే ఏం తేలిందో రాయం. నేను ఇలా రాశాను: ఈ నవలలో ఓడ ప్రయాణం మొత్తం ఓడలో ఉన్న ఇంగ్లిష్ డాక్టర్ డైరీగా నడుస్తుంది. కూలీల మనసులు మనకి ఓడెక్కేదాకా తెలుస్తాయి, ఎక్కాక తలుపు మూసుకుపోతుంది. ఆ మూసేయడం రచయిత్రి కావాలని చేసిన పని. ఎందుకంటే చరిత్రలో కూడా కూలీల మాట మనకి మిగల్లేదు, వాళ్ళ గురించి అధికారులు రాసిన కాగితాలే మిగిలాయి.

చివరి వాక్యం గుర్తుంచుకోండి. ప్రశ్న వచ్చింది దాని మీదే.

వ్యాసం తీసుకున్నామని మెయిల్ వచ్చాక మిగతా తతంగం మొదలైంది. నేను టీచింగ్ అసిస్టెంట్‌ని, మొదటి ఏడాది డిగ్రీ పిల్లలకి ఫ్రెంచి చెబుతాను. శుక్రవారం క్లాసు ఒక స్నేహితురాలికి అప్పజెప్పాను, బదులుగా ఆమె మిడ్‌టర్మ్ పేపర్లు కొన్ని నేను దిద్దాను. ఇక్కడ విద్యార్థులకి ప్రయాణ ఖర్చు ఇస్తారు గానీ ముందు మనం పెట్టుకుని, వచ్చాక రసీదులు చూపిస్తే ఇస్తారు. ఆ డబ్బు చేతికందడానికి నెలలు పట్టింది. అసిస్టెంట్‌షిప్ మీద బతికే వాళ్ళకి అది చిన్న విషయం కాదు. ఇక్కడికి కొత్తగా వచ్చే మన పిల్లలకి చెప్పేది ఒకటే, పెట్రోలు బంకు రసీదు దగ్గర్నుంచి ప్రతి కాగితం ఫోటో తీసి పెట్టుకోండి, బయల్దేరే ముందే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ప్రయాణ అనుమతి ఫారం నింపండి. అది లేకపోతే రసీదులున్నా ఇవ్వరు. హోటల్ ఖర్చు లేకుండా అక్కడి విద్యార్థులే ఇళ్ళల్లో చోటిచ్చారు. ఇది ఈ సదస్సుల్లో మామూలే. ఇటాలియన్ చదివే ఒకమ్మాయి ఇంట్లో హాల్లో సోఫా మీద పడుకున్నాను.

అసలు పని వ్యాసం కత్తిరించడం. మా వాళ్ళు డబుల్ స్పేస్‌లో ఎనిమిది పేజీలంటే ఇరవై నిమిషాలని లెక్కేస్తారు. నా దగ్గరున్న చాప్టరు దానికి నాలుగైదు రెట్లు. సిద్ధాంత చర్చ అంతా తీసేశాను. ఎవరు ఏ సిద్ధాంతం ఎప్పుడు చెప్పారన్నది చెవితో వింటుంటే బుర్రకెక్కదు. నవలలోంచి మూడు చోట్లు మాత్రం ఉంచి వాటి చుట్టూ మాట్లాడాలని నిర్ణయించుకున్నాను. ఫ్రెంచిలో చదవాలా, ఇంగ్లిష్‌లో చదవాలా అన్నది ఇంకో ఆలోచన. ఫ్రెంచిలో చదివితే మా వాళ్ళకి గౌరవం, మిగతావాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. నా ప్యానెల్లో నేనొక్కదాన్నే ఫ్రెంచి. ఇంగ్లిష్‌లోనే చదవాలనుకున్నాను, నవలలోని భాగాలు మాత్రం ఫ్రెంచిలో పైకి చదివి, తెర మీద రెండు భాషల్లో చూపించాను. ఆ వాక్యాల నడక వాళ్ళ చెవిన పడాలి కదా.

బయల్దేరే ముందు అమ్మకి ఫోన్ చేశాను. దేని గురించి మాట్లాడతావే అంది. చెప్పాను. “ఏవే, మన కోరంగి ఊసు అక్కడ ఎవరిక్కావాలే?” అంది నిజంగా ఆశ్చర్యపోతూ. “కావాలమ్మా, వాళ్ళలో చాలామంది ఇలాంటి వాటి మీదే పని చేస్తున్నారు” అన్నాను. అక్కడికి వెళ్ళాక తెలిసింది, నేను అనుకున్నదానికన్నా ఎక్కువమందే చేస్తున్నారు.

ఐ-75 హైవే పట్టుకుంటే ఒహాయో నది దాటి కెంటకీ మీదుగా తిన్నగా టెనెసీలోకి దించుతుంది. జెల్లికో దగ్గర కొండలు మొదలవుతాయి. నాక్స్‌విల్‌లో 1982 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన బంగారు రంగు గోళం, సన్‌స్ఫియర్, దూరం నుంచే కనిపిస్తుంది. ఊరు చూసే తీరిక నాకు దొరకలేదు. క్యాంపస్ టెనెసీ నది పక్కనే ఉంది, అది మాత్రం రెండు పూటలా చూశాను.

నాకన్నా ముందు జరిగిన ప్యానెళ్ళు అన్నీ కూర్చుని విన్నాను. చాలామంది తమ వ్యాసం చదివేసి గదుల్లోకి వెళ్ళిపోతారు, లేదా చదివే దాకా మూలన కూర్చుని లాప్‌టాప్‌లో సవరణలు చేసుకుంటూ ఉంటారు. అలా చేస్తే ఇంత దూరం వచ్చి ఏం లాభం? పొద్దున్న ఒక జర్మన్ విద్యార్థిని ఎమినే సెవ్గి ఓజ్‌దమార్ మీద చదివింది. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని అక్కడి నుంచి కార్మికుల్ని పిలిపించుకుంది. అలా 1965లో బెర్లిన్ వచ్చి ఫ్యాక్టరీలో పనిచేసిన అమ్మాయే తర్వాత జర్మన్‌లో రాయడం మొదలుపెట్టింది. 2022లో జర్మన్ సాహిత్యంలో పెద్ద బహుమతి, బ్యూష్నర్ పురస్కారం, ఆమెకే వచ్చింది. వింటున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. కార్మికురాలే రచయిత్రి అయిన సాహిత్యం ఇది. నాది కార్మికుల మునిమనవరాలు రాసిన సాహిత్యం. మధ్యలో నూరేళ్ళ మౌనం ఉంది. ఆ తేడా నా వ్యాసంలో ఒక వాక్యంగా చేరింది, భోజనానికి ముందు పెన్నుతో మార్జిన్లో రాసుకున్నాను.

తర్వాత భాషా బోధన మీద ఒక ప్యానెల్. మొదటి ఏడాది క్లాసులో పిల్లల చేత తప్పులతోనైనా సరే మాట్లాడించడం ఎలా అన్నదాని మీద ముగ్గురు చదివారు. సాహిత్యం వాళ్ళు ఇలాంటి ప్యానెళ్ళకి రారు, రావాలి. మన జీతం వచ్చేది ఆ క్లాసుల వల్లే. ఒకమ్మాయి పిల్లలకి ఊహాజనిత వాక్యాలు మానేసి ఓడ ప్రయాణికుల జాబితా లాంటి నిజమైన పాత కాగితాలు ఇచ్చి చదివిస్తోందట. ఒహాయోకి తిరిగి వచ్చాక నేను కూడా అదే చేశాను. వయసు, ఊరు, వృత్తి అనే మాటలు నేర్పడానికి అంతకన్నా మంచి పాఠం నాకు ఇంతవరకు దొరకలేదు.

మా ప్యానెల్ మధ్యాహ్నం. పొడుగాటి బల్ల, ఒక పక్క మేం ముగ్గురం, ఎదురుగా డజనుకి కాస్త అటూ ఇటూగా జనం. అధ్యక్షత వహించింది అక్కడి రష్యన్ విద్యార్థి. అతని ముందు మూడు అట్టముక్కలు పెట్టుకున్నాడు: ‘5’, ‘1’, ‘ఆపండి’. నాకు ముందు ఒక ఇటాలియన్ విద్యార్థిని చదివింది, సోమాలియా మూలాలున్న రచయిత్రులు ఇటాలియన్‌లో రాసినవాటి మీద. ఆమె గొంతు మొదట వణికింది, రెండో పేజీకి సర్దుకుంది. నాకు గుండె దడదడమంటూనే ఉంది. టెన్షన్ తగ్గాలని నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

మొదట ఒక ఫోటో చూపించాను. మారిషస్‌లో 1867లో ఒక చట్టం తెచ్చారు. ఐదేళ్ళ ఒప్పందం ముగించుకుని ఇంకా దీవిలోనే ఉన్న భారతీయులు తమ ఫోటో అతికించిన గుర్తింపు కాగితం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. లేకుండా దొరికితే దేశదిమ్మరి అని పట్టుకుని జైల్లో వేసేవాళ్ళు. అలా తీసిన ఫోటోలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వేలకొద్దీ ఉన్నాయి. నేను చూపించినది ఒక స్త్రీది. నడి వయసు. తల మీద కొంగు వెనక్కి జారింది, దాన్ని సర్దుకోవడానికి కుడి చెయ్యి సగం లేచి ఉంది. కెమెరా ఆ చేతిని మధ్యలోనే ఆపేసింది, వేళ్ళు మసకగా పడ్డాయి. కళ్ళు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. నేరుగా చూస్తున్నాయి. గదిలో కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత నవలలోని డాక్టర్ డైరీలో ఒక పేరా చదివాను. ఓడ అడుగున ఉన్నవాళ్ళని అతను మనుషులుగా చూడడు, వాసనగా చూస్తాడు, చప్పుడుగా చూస్తాడు. పాఠకుడికి ముందు భాగంలో ఒక్కొక్కరూ పేరుతో సహా తెలుసు. అందువల్ల ఆ డైరీ చదువుతుంటే డాక్టర్‌కి తెలియనివి మనకి తెలుస్తుంటాయి. అతని కళ్ళతోనే చూస్తూ అతని మీద కోపం తెచ్చుకుంటాం. అప్పనా ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా సాధించింది అదీ. ఈ ఒక్క విషయం వాళ్ళకి అందితే చాలనుకున్నాను. ‘1’ అట్ట లేచేసరికి ఆఖరి పేరాలో ఉన్నాను.

నా తర్వాత స్పానిష్ విద్యార్థి చదివాడు. క్యూబాకి వెళ్ళిన చైనా కూలీల మీద అతని పని. 1847 నుంచి 1874 వరకు లక్షకి పైగా చైనీయులు ఎనిమిదేళ్ళ ఒప్పందం మీద క్యూబా చెరకు తోటలకి వెళ్ళారు. అక్కడ హింస గురించి కబుర్లు చేరి 1874లో చైనా ప్రభుత్వం విచారణ సంఘాన్ని పంపింది. ఆ సంఘం తోటలకీ, జైళ్ళకీ, కూలీల్ని ఉంచే దొడ్లకీ వెళ్ళి 1,176 మంది కూలీల వాంగ్మూలాలు రాసుకుంది. 85 అర్జీలు తీసుకుంది, వాటి మీద 1,665 మంది సంతకాలున్నాయి. అతను తెర మీద చూపించిన వాంగ్మూలాల్లో కూలీలు తమ ఊరు, తమని ఎవరు మోసం చేశారు, ఎన్ని దెబ్బలు కొట్టారు, పక్కవాడు ఎలా చచ్చిపోయాడు అన్నీ పేరు పెట్టి చెప్పారు. నేను నోట్సు రాయడం మానేసి వింటూ ఉండిపోయాను.

ప్రశ్నల సమయంలో అతనే చెయ్యెత్తాడు. ప్యానెల్లో ఉన్నవాళ్ళు ఒకరినొకరు అడుక్కోవడం తరచూ జరగదు, అందుకని అధ్యక్షుడు కూడా కాస్త తటపటాయించాడు. “కూలీల మాట మిగల్లేదని మీరు రెండుసార్లు అన్నారు. క్యూబాలో మా దగ్గర వెయ్యికి పైగా వాంగ్మూలాలున్నాయి. మారిషస్‌లో నిజంగా ఏమీ లేదా, ఉన్నది నవల చదివేవాళ్ళ బల్ల మీదికి రాలేదా?”

మర్యాదగానే అడిగాడు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నాకు వెంటనే తట్టింది అడోల్ఫ్ ద ప్లెవిట్జ్. జర్మన్ మూలాలున్న తోట యజమాని. 1871లో మారిషస్ గవర్నర్‌కి పాత కూలీల తరఫున ఒక అర్జీ పెట్టించాడు. దాని మీద 9,401 మంది కూలీలు సంతకాలో గుర్తులో పెట్టారు. అర్జీలో ముఖ్యమైన ఫిర్యాదు నేను చూపించిన ఫోటోని తప్పనిసరి చేసిన ఆ 1867 చట్టం మీదే. తోటల యజమానులు ప్లెవిట్జ్ మీద మండిపడ్డారు గానీ దాని వల్ల 1872లో రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం వేశారు, 1875లో నివేదిక వచ్చింది. ఈ సంగతి నేను చరిత్ర పుస్తకాల్లో చదివినదే. నవల పక్కన పెట్టి చదవాలన్న ఆలోచన మాత్రం ఎప్పుడూ రాలేదు. మా సాహిత్య శాఖల్లో అర్జీని ఎవరూ రచన అనుకోరు, అది చరిత్రకారుల సొత్తు.

అదే చెప్పాను. అర్జీ ప్లెవిట్జ్ చేత్తో రాసినది కాబట్టి అదీ పూర్తిగా కూలీల గొంతు కాదని కూడా అన్నాను. ఎదురుగా కూర్చున్న జర్మన్ అమ్మాయి, పొద్దున్న ఓజ్‌దమార్ మీద చదివినామె, అందుకుంది: “వాంగ్మూలం కూడా ఒక గుమస్తా రాసుకున్నదే కదా. ఎవరో ఒకరి చేత్తో రాయనిది అసలేముంది? తొమ్మిది వేల మంది వచ్చి గుర్తు పెట్టడం కూడా మాట్లాడటమే.” ఇటాలియన్ విద్యార్థిని అప్పుడు ఇంకో మాట కలిపింది. సోమాలియాలో మౌఖికంగా చెప్పుకున్నదే ఎక్కువ, కాగితంలో వెతికితే మౌనమే కనిపిస్తుంది, పాటల్లో వెతకాలి అంది. మారిషస్ తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో, రామభజనల్లో ఇంకా పాటలున్నాయి. వాటిలో ఓడ పాటలేమన్నా ఉన్నాయా అని ఒక తెలుగమ్మాయిగా నేను ఎందుకు వెతకలేదు అని మాత్రం లోపల అనుకున్నాను. సమయం అయిపోయి అధ్యక్షుడు లేచి నిలబడ్డా మేం నలుగురం బల్ల దగ్గరే ఉండిపోయాం.

ఫ్రెంచి సదస్సులో అయితే ఇలా జరగదు. అక్కడ అందరూ ఒకే పుస్తకాలు చదివి ఉంటారు, అడిగే ప్రశ్నలు కూడా ఆ పుస్తకాల లోపలి నుంచే వస్తాయి. ‘కూలీల మాట మిగల్లేదు’ అనే వాక్యం మా వాళ్ళలో ఎవరికీ అభ్యంతరంగా తోచదు. అందరం అదే రాస్తున్నాం. పక్క భాష వాడు, పక్క దీవి తెలిసినవాడు వచ్చి అడిగితేనే అది కదులుతుంది.

సాయంత్రం భోజనాల దగ్గర మాటలు వేరే దారి పట్టాయి. 2023లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ విదేశీ భాషల డిగ్రీలు మొత్తం ఎత్తేసింది. మొత్తం మీద 28 డిగ్రీలు, 143 అధ్యాపక పోస్టులు పోయాయి. అది కూడా నాక్స్‌విల్ ఉన్న అపలాచియన్ కొండల ప్రాంతమే. బల్ల దగ్గర అందరికీ ఆ భయం ఉంది. ముఖ్య ఉపన్యాసం ఇచ్చిన ప్రొఫెసర్ కూడా మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ లెక్కలు చెప్పారు. 2016, 2021 మధ్య అమెరికా కాలేజీల్లో ఇంగ్లిష్ కాకుండా వేరే భాష చదివేవాళ్ళు 16.6 శాతం తగ్గారు. కొరియన్ మాత్రం బాగా పెరిగింది. ఆ ఉపన్యాసంలో మిగతాదంతా నేను ముందు విన్నదే. కానీ బల్ల దగ్గర ఒక స్పానిష్ అమ్మాయి చెప్పినది మనసులో ఉండిపోయింది. శాఖలు కలిపేసి డబ్బు మిగుల్చుకుందామని పైవాళ్ళు చూస్తున్నారు, మనం కలవడం వేరు, మనల్ని కలిపేయడం వేరు అంది. నాకూ అదే అనిపిస్తోంది. మా ప్యానెల్లో ఆ చర్చ జరిగిందంటే ఫ్రెంచి, స్పానిష్, జర్మన్, ఇటాలియన్ ఒక్కొక్కటీ లోతుగా నేర్పే గురువులు ఎక్కడో ఉన్నారు కాబట్టే. ఒక్కో భాషకి ఒక్కరే మిగిలితే అలాంటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు?

మన దగ్గర కూడా ఈ మాట ఆలోచించాల్సిందే. ఇంటర్‌లో సంస్కృతమో ఫ్రెంచో రెండో భాషగా తీసుకునేది మార్కులు పడతాయని. ఆ తర్వాత దాని మొహం చూసేవాళ్ళు అరుదు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, సీఫెల్‌గా పేరు మారి, ఇఫ్లూగా సెంట్రల్ యూనివర్సిటీ అయిన సంస్థ హైదరాబాదులోనే ఉంది. అరబిక్, రష్యన్, స్పానిష్, జపనీస్ అన్నీ అక్కడ చదువుకోవచ్చు. అక్కడి పిల్లలు ఇలా భాషలు కలిపి సదస్సులు పెట్టుకుంటే తెలుగు విద్యార్థుల్ని కూడా పిలవాలని నా కోరిక. బర్మా, మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా వెళ్ళిన తెలుగువాళ్ళ కథ తెలుగులో కన్నా ఇతర భాషల కాగితాల్లోనే ఎక్కువ ఉంది. వాటిని చదవగలిగేవాళ్ళు, మన పాటలు తెలిసినవాళ్ళు ఒకే గదిలో ఉండాలి.

వచ్చాక నా చాప్టరు తిరగరాశాను. ‘కూలీల మాట మిగల్లేదు’ అన్న వాక్యం తీసేసి, ప్లెవిట్జ్ అర్జీతో మొదలుపెట్టాను. అప్పనా 2023లో తన తాతముత్తాతల గురించి రాసిన ‘లా మెమ్వార్ దెలావే’ని ఆ అర్జీ పక్కన పెట్టి చదువుతున్నాను. వాళ్ళ కుటుంబం దీవిలో దిగింది 1872లో, అంటే సరిగ్గా కమిషన్ వేసిన ఏడాది. మా గైడ్ మొదట సందేహించారు, చదివాక ఇదే అసలు చాప్టర్ అన్నారు.

క్యూబా మీద పనిచేసే అతనూ, నేనూ, ఆ జర్మన్ అమ్మాయీ కలిసి లెక్సింగ్టన్‌లో ప్యానెల్ పెట్టాలనుకుంటున్నాం. కెంటకీ యూనివర్సిటీలో 1948లో మొదలైన విదేశీ భాషల సదస్సు అది, ఏప్రిల్‌లో జరుగుతుంది. అక్కడ విద్యార్థులతో పాటు ప్రొఫెసర్లూ వస్తారు. అర్జీలు, వాంగ్మూలాలు, ఫ్యాక్టరీ ఉత్తరాలు అనేది మా అంశం. సారాంశం ముగ్గురం ఒకే ఫైల్లో రాస్తున్నాం, ఒక్కొక్కరికీ 250 మాటలు. నా వంతు ఈ వారం పూర్తి చెయ్యాలి.